బిల్లు తగ్గాలా, బొగ్గు తగ్గాలా: ఇంటి కరెంటుకి రెండు లెక్కలు

ఒక యూనిట్ కరెంటు మిగిలిస్తే తెలంగాణలో నెలకి 90 యూనిట్లు వాడే ఇంటికి మిగిలేది 3 రూపాయల 10 పైసలు. 450 యూనిట్లు వాడే ఇంటికి 9 రూపాయల 50 పైసలు. ఆ యూనిట్ తయారు కానందువల్ల గాలిలో కలవకుండా ఆగే కార్బన్ డయాక్సైడ్ మాత్రం రెండిళ్ళకీ ఒకటే, ముప్పావు కిలోకి కాస్త తక్కువ. రూపాయి లెక్క శ్లాబుని బట్టి మూడింతలు మారుతుంది, కార్బన్ లెక్క మారదు. ఏ ఫ్యాన్ కొనాలి, ఎన్ని సోలార్ పలకలు పెట్టాలి, గ్యాస్ పొయ్యి తీసేయాలా అన్న ప్రశ్నలకి ఇంటింటికీ వేరే జవాబు రావడానికి మూలం ఇదే. అందుకే ఇక్కడ ప్రతి ఎంపికకీ రెండు లెక్కలూ విడిగా వేశాం. రెండూ ఒకే దారి చూపిస్తే ఆలోచించేదేమీ ఉండదు. అవి విడిపోయే చోటే జాగ్రత్త అవసరం.

దేశం పెట్టుకున్న లక్ష్యాలు ఇవి. 2030 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో ప్రతి రూపాయికీ వెలువడే ఉద్గారాలు 2005తో పోలిస్తే 45 శాతం తగ్గాలి. అప్పటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, చమురు కాని వనరుల నుంచి ఉండాలి. 2070కి నికర శూన్యం, అంటే వదిలినంత కార్బన్‌నీ తిరిగి తీసేసే స్థితి, చేరాలి. వీటిలో రెండోది ఐదేళ్ళు ముందుగా, 2025లోనే అందింది. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సోలార్ పలక రాత్రి పనిచేయదు, గాలిమర ఏడాది పొడవునా ఒకేలా తిరగదు. ఇప్పటికీ దేశంలో తయారయ్యే ప్రతి పది యూనిట్లలో ఏడు దాకా బొగ్గువే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కలో గ్రిడ్ సగటు యూనిట్‌కి 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఉంది. కింది లెక్కలన్నిటికీ ఆ అంకె వాడాం, కార్బన్ అన్నచోటల్లా కార్బన్ డయాక్సైడ్ అనే అర్థం.

హరిత లక్ష్యాల వల్లే బిల్లులు పెరుగుతున్నాయన్న మాట సగమే నిజం. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్తుకి యూనిట్ 4.84 రూపాయల పాత ఒప్పందాలు డిస్కంలకి (విద్యుత్ పంపిణీ సంస్థలకి) భారమైన మాట వాస్తవం. అయితే ఇటీవలి సోలార్ టెండర్లలో ధర రెండున్నర రూపాయల దగ్గర పలుకుతోంది. మరోవైపు 2022లో బొగ్గు కొరత వచ్చినప్పుడు విదేశీ బొగ్గు 10 శాతం కలపమని కేంద్రం ఆదేశించింది. అలాంటి ఖర్చులు ఆ తర్వాత ఇంధన సర్దుబాటు పేరుతో బిల్లులోకి చేరతాయి. ఈ వాదన తేలినా తేలకపోయినా మీ ఇంటి మీటరు మీ చేతిలో ఉన్నదే కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడదాం.

ముందు శ్లాబు తెలుసుకోండి

గత 12 నెలల బిల్లులు డిస్కం వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో దొరుకుతాయి. నెలనెలా యూనిట్లు ఒక కాగితం మీద రాసి, రీడింగ్ ఎన్ని రోజులకి తీశారో పక్కనే వేసుకోండి. ఏడాది సగటు చూసుకుంటే సరిపోదు. ఏప్రిల్, మే నెలల్లో ఏ శ్లాబు గీత దాటుతున్నారన్నదే ముఖ్యం.

తెలంగాణలో 2022-23 నుంచి ఉన్న శ్లాబులు ఇలా పనిచేస్తాయి. నెల మొత్తం 100 యూనిట్ల లోపైతే మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10. మొత్తం 100 దాటి 200 లోపైతే మొదటి 100కి 3.40, ఆపై 4.80. మొత్తం 200 దాటితే మొదటి 200కీ 5.10, 300 దాకా 7.70, 400 దాకా 9.00, 800 దాకా 9.50, ఆ పైన 10. అంటే గీత దాటగానే వెనకటి యూనిట్ల ధర కూడా పెరుగుతుంది. 200 యూనిట్లకి ఎనర్జీ చార్జీ 820 రూపాయలు, 201 యూనిట్లకి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైమాటే. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు పొందే ఇంటికైతే ఇంకా తీవ్రం: 201 దగ్గర మొత్తం బిల్లు కట్టాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి గెంతు లేదు. మొదటి 30కి 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఎంత వాడినా కింది యూనిట్లు కింది ధరకే లెక్కేస్తారు. వీటి మీద ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు రెండు రాష్ట్రాల్లోనూ అదనం. కింది లెక్కల్లో ఎనర్జీ చార్జీ ఒక్కటే తీసుకున్నాం. నియంత్రణ మండళ్ళు ఏటా కొత్త ఉత్తర్వు ఇస్తాయి కాబట్టి డబ్బు పెట్టేముందు ఆ ఏడాది పట్టిక చూడండి.

ఏ వస్తువు ఎంత లాగుతోందో తెలియడానికి ఎనర్జీ మీటర్ ప్లగ్ వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. అదీ కొనక్కర్లేదు. ఇంటి మీటరు మీద ఎర్రగా మెరిసే లైటు పక్కన యూనిట్‌కి 3200 మెరుపులు అన్నట్టు ఒక అంకె ఉంటుంది. అన్నీ ఆపేసి ఒక్క వస్తువే నడిపి, రెండు మెరుపుల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. 3200 మీటరైతే 1125ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 15 సెకన్లు పడితే 75 వాట్లు. అన్నీ ఆపేశాక కూడా మెరుస్తూనే ఉంటే సెట్‌టాప్ బాక్స్, వైఫై, ఇన్వర్టర్ చార్జింగ్ లాంటివేవో లాగుతున్నాయి. అవేవీ లేకపోతే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

ఫ్యాన్: రెండు లెక్కలూ కలిసే చోటు

మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 వాట్ల దగ్గర తీసుకుంటాయి. రోజుకి 14 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే మిగిలేది 189 యూనిట్లు, 136 కిలోల కార్బన్. ధర 3,000 అనుకుంటే 7.70 శ్లాబులో రెండేళ్ళకి కాస్త అటూఇటూగా తిరిగొస్తుంది. 3.10 శ్లాబులో ఐదేళ్ళు పడుతుంది.

తెలంగాణలో గీత పక్కనే ఉన్న ఇంటికి ఇది అన్నిటికన్నా మంచి బేరం. వేసవిలో నెలకి 240 యూనిట్లు వాడే ఇల్లు మూడు ఫ్యాన్లు మారిస్తే 56 యూనిట్లు తగ్గి 184కి దిగుతుంది. ఎనర్జీ చార్జీ 1,328 నుంచి 743కి పడిపోతుంది. గృహజ్యోతికి అర్హత ఉన్న ఇల్లైతే సున్నా అవుతుంది.

పని చెడేది రెగ్యులేటర్ దగ్గర. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి స్పీడు దాని లోపలి సర్క్యూటే చూసుకుంటుంది. గోడ మీది పాత రెగ్యులేటర్ మధ్యలో ఉంటే ఆ సర్క్యూట్‌కి కరెంటు ముక్కలు ముక్కలుగా అంది ఫ్యాన్ ఆగి ఆగి తిరుగుతుంది, చివరికి బోర్డు కాలిపోతుంది. మెయిన్ ఆపి, రెగ్యులేటర్ తీసేసి, స్విచ్ నుంచి నేరుగా తీగ ఇప్పించండి. గ్యారంటీ కార్డులో మోటారుకే కాకుండా సర్క్యూట్ బోర్డుకి కూడా ఎన్నేళ్ళో చూసి కొనండి. బాగు చేయించాల్సి వచ్చేది ఎక్కువగా దానికే.

ఎప్పుడూ తక్కువ స్పీడులో తిరిగే ఫ్యాన్‌ని మార్చడం దండగ. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మీద 1, 2 నంబర్లలో పాత ఫ్యాన్ కూడా 20-30 వాట్లే తీసుకుంటుంది. డబ్బాలాంటి పాతకాలపు రెగ్యులేటరైతే అలా కాదు, స్పీడు తగ్గించినప్పుడు మిగతాది వేడిగా పోతుంది. హాల్లో, పడకగదిలో ఫుల్ స్పీడులో తిరిగేవాటితో మొదలుపెట్టండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయినప్పుడు అదే బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది, అది అదనపు లాభం.

ఏసీ: మీటరు చూపించని కార్బన్

ఏసీ మీద అంటించే బీఈఈ (కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ) లేబుల్‌లో ఏడాది వాడకం అని రాసే యూనిట్లు 1600 గంటలకి లెక్కేసినవి. మన ఇళ్ళలో రాత్రి 8 గంటల చొప్పున వేసవి నాలుగు నెలలు నడిపితే 960 గంటలు. కాబట్టి లేబుల్ అంకెని 0.6తో గుణించండి. ఒకటిన్నర టన్ను 3 స్టార్‌కీ 5 స్టార్‌కీ లేబుల్ మీద 220 యూనిట్ల తేడా కనిపిస్తే మీకు నిజంగా మిగిలేది 132 యూనిట్లు, 95 కిలోల కార్బన్. 9 రూపాయల శ్లాబులో ఏడాదికి 1,188. ధరలో తేడా 7,000 ఉంటే ఆరేళ్ళు పడుతుంది. రోజూ వాడే ఇంటికి 5 స్టార్ సరే. వారానికి రెండు మూడు రాత్రులే వేసేవారికి 3 స్టార్ ఇన్వర్టర్ చాలు. లేబుల్ మీద సంవత్సరం కూడా చూడండి. నిబంధనలు బిగించినప్పుడల్లా పాత 5 స్టార్ కొత్త పట్టికలో 4కో 3కో దిగుతుంది, దుకాణంలో పాత స్టాకు అదే ధరకి ఉండొచ్చు.

పైసా ఖర్చు లేని పని సెట్టింగ్ మార్చడం. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా ఆదా అని బీఈఈ చెబుతుంది. 24 బదులు 27 పెట్టి ఫ్యాన్ వేసుకుంటే, సీజన్‌కి 600 యూనిట్లు తాగే ఏసీలో నూరు యూనిట్లు మిగులుతాయి. స్టార్ల తేడాలో ముప్పాతిక వంతు ఇక్కడే దొరికింది.

మీటరులో ఎక్కడా కనిపించనిది ఏసీలో చల్లదనం ఇచ్చే గ్యాస్ లీకు. ఆర్-32 గ్యాస్ ఒక కిలో బయటికి పోతే అది 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడెక్కిస్తుంది. దాన్ని కరెంటులోకి మార్చి చూస్తే 937 యూనిట్లు. పైన చెప్పిన 5 స్టార్ ఏసీ ఏడేళ్ళు కష్టపడి ఆదా చేసేది ఒక్క లీకుతో పోతుందన్నమాట. ఆర్-410ఏ అయితే కిలోకి 2,088 కిలోలు, పాత ఏసీల్లోని ఆర్-22 అయితే 1,810. అందుకని ఉద్గారాల వైపు నుంచి చూస్తే ఏసీ ఏది కొన్నారన్న దానికంటే ఎలా బిగించారన్నదే పెద్ద విషయం.

బిగించేటప్పుడు మూడు చూడండి. రాగి పైపు చివర వెడల్పు చేసి నట్టు బిగించే చోట పగుళ్ళు లేకుండా ఉండాలి. పైపుల్లోని గాలిని వ్యాక్యూమ్ పంపుతో కనీసం ఇరవై నిమిషాలు లాగాలి, లోపలి గ్యాసునే కాస్త వదిలి గాలిని తోసేయడం కుదరదు. చివర్న సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. ఏటా గ్యాస్ నింపుతున్నారంటే ఎక్కడో కారుతున్నట్టే. ఏసీలో గ్యాస్ వాడకం వల్ల అరిగిపోదు. లీకు ఎక్కడుందో నైట్రోజన్ పోసి కనిపెట్టి, అతికించి, ఆ తర్వాతే నింపమనండి. ఏసీ చోటు మార్చేటప్పుడు గ్యాసుని బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూయించండి. గాలిలోకి వదిలేయడం చాలాచోట్ల మామూలైపోయింది. పక్కన నిలబడి ఆపగలిగేది ఇంటివాళ్ళే.

ఇంటి మీద సోలార్: ఎన్ని కిలోవాట్లు?

ఎక్కువమంది 3 కిలోవాట్లు పెడుతున్నారు. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ రాయితీ మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 దగ్గర ఆగుతుంది కాబట్టి అమ్మేవాళ్ళూ అదే చెబుతారు. మన ఎండకి ఒక కిలోవాట్ రోజుకి సగటున 4 యూనిట్ల దగ్గర, నెలకి 115 యూనిట్లు ఇస్తుంది. నెలకి 300 యూనిట్లు వాడే ఇంటికి, మీటరులో తేలే నికర యూనిట్ల (వాడినవాటిలోంచి పలకలు ఇచ్చినవి తీసేయగా మిగిలిన యూనిట్ల) మీద శ్లాబు వేస్తే, ఎనర్జీ చార్జీ ఇలా ఉంటుంది:

| పలకలు | తెలంగాణ, నెలకి రూ. | ఆంధ్రప్రదేశ్, నెలకి రూ. | ఏడాదికి ఆగే కార్బన్ |
|---|---|---|---|
| లేకుండా | 1,790 | 1,673 | 0 |
| 1 కిలోవాట్ | 748 | 777 | 1 టన్ను |
| 2 కిలోవాట్లు | 160 | 177 | 2 టన్నులు |
| 3 కిలోవాట్లు | 0 | 0 | 3 టన్నులు |

తెలంగాణలో మొదటి కిలోవాట్ నెలకి 1,042 రూపాయలు మిగిలిస్తే రెండోది 588, మూడోది 160. కార్బన్ మాత్రం మూడూ సమానంగా ఏడాదికి టన్ను చొప్పున ఆపుతాయి. మూడో కిలోవాట్‌కి రాయితీ పోను 40,000 దాకా పడితే బిల్లు ఆదాతో అది తీరడానికి ఇరవై ఏళ్ళు దాటుతుంది. మిగులు యూనిట్లకి డిస్కం ఇచ్చే ధర తక్కువ, దాన్ని నమ్ముకోకండి. బిల్లే లక్ష్యమైతే ఈ ఇంటికి 2 కిలోవాట్లు సరైన కొలత, పెట్టుబడి నాలుగేళ్ళలో చేతికొస్తుంది. బొగ్గు తగ్గించాలన్నదీ మీ లక్ష్యమే అయితే మూడోది పెట్టండి, కానీ దాన్ని లాభమని లెక్కేసుకోవద్దు. రెండేళ్ళలో ఏసీ కొనే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటరో ఉంటే మూడోది బిల్లులోనూ పనికొస్తుంది.

నెలకి 120 యూనిట్లు వాడే ఇంటికి సోలార్ పెట్టుబడి తిరిగి రావడానికి ఇంతకన్నా చాలా ఎక్కువ కాలం పడుతుంది. గృహజ్యోతి సున్నా బిల్లు ఇంటికి అసలు రాబడే లేదు. ఈ ఇళ్ళు పలకలు పెట్టుకుంటే రాష్ట్ర ప్రభుత్వం డిస్కంకి కట్టే డబ్బు మిగులుతుంది, దేశం ఉద్గారాలు తగ్గుతాయి, ఖర్చు మాత్రం ఇంటిది. దీన్ని సరిచేయాల్సింది విధానమే గాని, ఆ కుటుంబాల మనసు కాదు.

పలకల తయారీలో వెలువడిన కార్బన్ కూడా ఉంది. మన ఎండలో అది ఏడాది, రెండేళ్ళ ఉత్పత్తితో తీరిపోతుంది, పలక పాతికేళ్ళు పనిచేస్తుంది. పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ మాత్రం పది పన్నెండేళ్ళకి మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి.

దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో. 10 కిలోవాట్ల లోపు సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదం పొందినట్టు లెక్క. ఎక్కువగా ఆగిపోయేది పేర్ల దగ్గర: మీటరు నాన్నగారి పేరు మీద, బ్యాంకు ఖాతా కొడుకు పేరు మీద, ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, బిల్లులో ఒకలా. పలకలు బిగించాక రాయితీ రాక తిరగడం కన్నా ముందే మీటరు పేరు మార్పించుకోవడం మేలు. రాయితీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన పలకలే వాడాలి. ఐదేళ్ళ నిర్వహణ బిగించిన సంస్థ బాధ్యతే, ఒప్పందంలో ఆ మాట ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

మేడ మీద ఒక కిలోవాట్‌కి నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి. ముఖం దక్షిణానికి, వాలు 15 డిగ్రీల దగ్గర. వాటర్ ట్యాంకు నీడ ఒక పలక మూల మీద పడినా దానితో వరసలో కలిసిన పలకలన్నీ మందగించవచ్చు. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా బాగా కిందికి ఉంటాడు, అప్పటి నీడ ఎక్కడిదాకా వస్తుందో అంచనా వేయించండి. విశాఖ, విజయవాడ, నెల్లూరు సెకనుకి 50 మీటర్ల గాలివేగం మండలంలో ఉన్నాయి, హైదరాబాద్ 44లో. కోస్తాలో ఇటుకల మీద నిలబెట్టిన స్టాండు తుపానుకి లేచిపోతుంది. స్లాబులోకి కెమికల్ యాంకర్లో, బరువైన కాంక్రీటు దిమ్మెలో ఉండాలి, ఇనుముకి వేడి జింకు పూత ఉండాలి. ఎర్తింగ్ మూడు విడివిడి గుంతలు: పలకల వైపు, ఇంటి కరెంటు వైపు, పిడుగు నిరోధకానికి.

కరెంటు పోతే మామూలు సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాకు తగలకుండా ఇన్వర్టర్ కావాలనే ఆగుతుంది. కోతల బాధ ఉన్న ఊళ్ళో బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ కావాలి, కానీ బ్యాటరీకి రాయితీ లేదు, అది కార్బన్‌నీ పెద్దగా తగ్గించదు. బోరు నీళ్ళతో కడిగి వదిలేస్తే తెల్లని ఉప్పు పొర పట్టి ఉత్పత్తి పడిపోతుంది. తెల్లవారుజామున, పలక వేడెక్కకముందే కడిగి, నీళ్ళు లాగేసే రబ్బరు కర్రతో తుడవండి.

గ్యాస్ పొయ్యా, ఇండక్షనా: రెండు లెక్కలూ ఎదురెదురుగా

14.2 కిలోల సిలిండర్ మొత్తం మండితే 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. దానిలో 180 యూనిట్ల వేడి ఉన్నా సగం పైచిలుకే గిన్నెలోకి వెళుతుంది. అంత వంట ఇండక్షన్ మీద చేయడానికి సుమారు 125 యూనిట్లు పడతాయి, ఇవాళ్టి గ్రిడ్‌లో వాటి కార్బన్ 90 కిలోలు. అంటే ఇంట్లో పొగ లేకపోయినా థర్మల్ కేంద్రం దగ్గర రెట్టింపు పొగ. గ్రిడ్ సగటు 0.72 నుంచి 0.34కి దిగిన రోజున రెండూ సమానమవుతాయి.

మా ఇంటి మీద సోలార్ ఉంది కాబట్టి మా ఇండక్షన్‌కి కార్బన్ సున్నా అనుకోవడమూ పొరపాటే. ఆ యూనిట్ మీరు వాడకపోతే గ్రిడ్‌కి వెళ్ళి పక్కింటి బొగ్గు యూనిట్‌ని ఆపేది. మధ్యాహ్నం వండితే గ్రిడ్‌లో ఎండ ఎక్కువ కాబట్టి కాస్త నయం. రాత్రి ఏడున్నరకి వండితే బొగ్గే.

ఇక డబ్బు. హైదరాబాద్‌లో 2025లో సిలిండర్ 905 రూపాయలు. 125 యూనిట్లు 4.80 చొప్పున 600 కాబట్టి ఇండక్షన్ చవక అనిపిస్తుంది. కానీ శ్లాబు గీత ఉంది. 45 రోజులకి సిలిండర్ అయ్యే ఇంట్లో నెలకి 83 యూనిట్లు పెరుగుతాయి. ఇప్పుడు 150 వాడుతుంటే 233 అవుతుంది. తెలంగాణలో ఎనర్జీ చార్జీ 580 నుంచి 1,274కి వెళుతుంది, పెరుగుదల 694. మిగిలే గ్యాస్ ఖర్చు నెలకి 603. నష్టం. అదే ఇల్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే 567 నుంచి 1,087కి, పెరుగుదల 520, కాబట్టి నెలకి 83 రూపాయలు లాభం. ఒకే పొయ్యి, ఒకే వంట, రాష్ట్రం మారితే జవాబు మారింది.

మా సలహా: గ్యాస్ ఉంచుకోండి, ఇండక్షన్ పక్కన పెట్టుకోండి. పాలు, టీ, కుక్కర్ లాంటి వాటికి పగటిపూట ఇండక్షన్ వాడి, గీతకి దగ్గరపడిన నెలలో ఆపేయండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే ఈ లెక్కలు పక్కన పెట్టి ఇండక్షన్‌కే మారవచ్చు, వంటగది గాలి విలువ వేరు. పొయ్యి ఏదైనా కందిపప్పు అరగంట నానబెట్టి, గిన్నె మీద మూత పెట్టి వండితే రెండు లెక్కలూ తగ్గుతాయి.

గీజరు, ఫ్రిజ్, స్కూటర్

20 లీటర్ల బకెట్ నీళ్ళు 25 డిగ్రీల నుంచి 40కి వేడి చేయడానికి 0.35 యూనిట్. షవర్ కింద అంతకు రెట్టింపు పోతుంది. నలుగురు బకెట్‌తో చేస్తే రోజుకి 1.4 యూనిట్లు, చలికాలం అయిదు నెలలకి 210. ఇందుకోసం ఇరవై వేలకు పైగా పోసి సోలార్ వాటర్ హీటర్ కొనడం కన్నా ఆ డబ్బుకి ఇంకొంత కలిపి ఒక కిలోవాట్ పలకలు పెడితే ఏడాదికి 1,400 యూనిట్లు వస్తాయి. పైగా ఉప్పునీటి బోరు ఉన్నచోట వాటర్ హీటర్ గొట్టాలు సున్నం పట్టి మూసుకుపోతాయి. ఎప్పుడూ చల్లగా ఉండే ఎత్తైన ప్రాంతాల సంగతి వేరు.

పాత ఫ్రిజ్ మార్చేటప్పుడు ఒక మెలిక ఉంది. మీ బిల్లు తగ్గుతుంది, కానీ పాతది సెకండ్‌హ్యాండ్‌లో అమ్మితే ఇంకో ఇంట్లో అంతే కరెంటు తాగుతుంది. ఊళ్ళో చుట్టాలకి పంపినా అంతే. కార్బన్ తగ్గాలంటే అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణకి ఇవ్వాలి. మార్చే ముందు తలుపు రబ్బరు చూడండి: కాగితం పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా వస్తే రబ్బరు మారిస్తే చాలేమో.

ఎలక్ట్రిక్ స్కూటర్ డబ్బులో బాగా గెలుస్తుంది, కార్బన్‌లో ఓ మోస్తరుగా. లీటరుకి 45 కిలోమీటర్లిచ్చే పెట్రోల్ స్కూటర్ కిలోమీటరుకి 51 గ్రాములు వదిలితే, ఎలక్ట్రిక్‌ది 25 గ్రాముల దగ్గర. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగితే నెలకి 23 కిలోలు తగ్గుతుంది, అంటే ఏడాదికి రెండు పాత ఫ్యాన్లని బీఎల్‌డీసీకి మారిస్తే తగ్గేంత. ఖర్చు మాత్రం కిలోమీటరుకి రెండు రూపాయల పైన మిగులుతుంది. నెలకి 32 యూనిట్లు మీటరులో కలుస్తాయి, 180 దగ్గరున్న తెలంగాణ ఇల్లు 200 దాటుతుంది. ఆఫీసులో చార్జింగ్ ఉంటే అక్కడే పెట్టుకోండి. గ్రిడ్‌లో ఎండ ఉన్న వేళకి సరిపోతుంది కూడా.

పగటి వాడకానికి ముందు ముందు డబ్బు కూడా రావచ్చు. 2023లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం సౌర గంటల్లో ధర మామూలు ధర కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. స్మార్ట్ మీటరు పెట్టాకే అది వర్తిస్తుంది. వాషింగ్ మెషీన్, నీటి మోటారు, ఇస్త్రీ ఇప్పటినుంచే పగటికి మార్చుకుంటే బిల్లు మారకపోయినా సాయంత్రం బొగ్గు మీద ఒత్తిడి తగ్గుతుంది.

అద్దె ఇల్లు, అపార్ట్‌మెంట్

అద్దెకి ఉన్నవారు వెంట తీసుకుపోగలిగేవే కొనాలి: ఫ్యాన్లు, ఎల్ఈడీ ట్యూబులు, ఇండక్షన్. పాత ఫ్యాన్లు, రెగ్యులేటర్లు అటక మీద దాచి ఖాళీ చేసేటప్పుడు బిగించి వెళ్ళండి. అపార్ట్‌మెంట్‌లో మేడ అందరిదీ కాబట్టి విడివిడిగా పెట్టడం కష్టం. కానీ లిఫ్టు, నీటి మోటారు, మెట్ల లైట్లకి సంఘం తరఫున పెడితే పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కి 18,000 రాయితీ ఉంది. ఉమ్మడి మీటరు బిల్లు గత ఏడాదిది తెచ్చి, నీటి మోటారు ఎన్ని గంటలకి వేస్తున్నారో చూసి సంఘం సమావేశంలో పెట్టండి. మోటారు రాత్రి బదులు పగలు పదకొండుకి వేయడానికి ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. వాచ్‌మన్‌కి చెప్తే చాలు.